మా ఇంటి కుక్కల హాస్టలు

హాస్టల్లో చేరిన కొత్తలో ఎవరైనా "మీ నాన్నగారేం చేస్తారోయ్?" అని అడిగితే "వ్యవసాయం" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. ఆ మిగతా నిజం ఒక ఆదివారం నాడు బయటపడిపోయింది.

నాన్న జంతికల డబ్బా పట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. గదిలో నలుగురైదుగురం ఉన్నాం. ఇంతలో ఆయన ఫోను మోగింది. "రాత్రి బాగానే పడుకుందండి. మొదట కాసేపు ఏడ్చింది, తర్వాత సర్దుకుంది. పొద్దున్న పెరుగన్నం తింది. మీరేం బెంగ పెట్టుకోకండి" అని ఎంతో మర్యాదగా చెబుతున్నాడు. ఫోను పెట్టెయ్యగానే మా రూమ్మేటు, "ఎవరండీ, మీ మనవరాలా?" అనడిగాడు. "కాదు బాబూ, కుక్క" అన్నాడు నాన్న, అదేదో అందరిళ్ళలోనూ రోజూ అనుకునే మాటలాగా.

ఆ రోజుతో నా అసలు పేరు పోయి "వార్డెనుగారబ్బాయి" అనే పేరు వచ్చింది. ఈ మూడేళ్ళుగా అదే పేరుతో చలామణీ అవుతున్నాను. అలా పిలిచిన మిత్రులందరికీ జవాబుగానూ, వాళ్ళకెవరికీ ఇంతవరకు చెప్పని ఒక సంగతి చెప్పుకోవడానికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఊరు విశాఖపట్నానికి ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరం. ఆనందపురం జంక్షన్‌లో బస్సు దిగి ఆటో ఎక్కాలి. మాకు రెండెకరాల మెట్ట, ఒక జీడిమామిడి తోట, ఒక జత ఎడ్లు ఉండేవి. ఉండేవి అంటున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తెల్లవారి చూసేసరికి తోటలో నిలబడి ఉన్న చెట్ల కంటే పడుకుని ఉన్న చెట్లే ఎక్కువ. జీడిమామిడి మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పులవాళ్ళు ఏళ్ళు ఆగరు. నాన్న ఎడ్లను అమ్మేశాడు. అప్పటినుంచి దుక్కికి అద్దె ట్రాక్టరు, తోట ఉన్నచోట బంతి, చామంతి, వంగ, బెండ.

ఎడ్లు పోయినా ఎడ్లసాల మిగిలింది. ముప్ఫై ఆరడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. తాతగారి నాటి రాతిగోడలు. తుఫానుకు పైకప్పు ఎగిరిపోతే నాన్న అప్పు చేసి మరీ రేకులు వేయించాడు, లోపల కట్టడానికి ఒక్క పశువైనా లేకపోయినా. ఎందుకు వేయించావని అమ్మ అడిగితే, "సాల పడిపోనేదు కదా" అన్నాడట.

నాన్న వారానికి మూడు రోజులు రైతుబజారుకు కూరగాయలు పట్టుకెళ్ళేవాడు. అక్కడ ఎప్పుడూ మా దగ్గరే కొనే ఒకావిడ 2022 సంక్రాంతి ముందు, "మేము పండక్కి మా ఊరు వెళ్ళాలయ్యా, కుక్కని ఎవరింట్లో పెట్టాలో తెలియడం లేదు, మీ ఊళ్ళో నాలుగు రోజులు ఉంచుకుంటారా?" అని అడిగింది. ఉంచుకుంటామన్నాడు. ఆవిడ తన అపార్టుమెంటులో మరొకరికి చెప్పింది. కరోనా రోజుల్లో ఇళ్ళల్లో కూర్చుని ముచ్చటపడి కుక్కపిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబోలు, తిరగడాలు మొదలయ్యేసరికి వాటిని ఎక్కడ ఒగ్గాలో తోచలేదు. సిటీవాళ్ళు పండక్కి పల్లెకు వెళ్ళడం కోసం తమ కుక్కల్ని ఇంకో పల్లెకు పంపడం చిత్రమే గాని, ఆ చిత్రమే మాకు జీవనాధారమైంది.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఎడ్లు కట్టిన సాలలో కుక్కల్ని కడతావా? ఊరోళ్ళు ఏటనుకుంటారు?" అంది. ఊరివాళ్ళు అనుకోవలసినదంతా అనుకున్నారు. రామాలయం అరుగు మీద "మనోడు కుక్కల కాపరైపోనాడు" అన్న మాట నేను నా చెవులతో విన్నాను. నాన్న కూడా విన్నాడు. కండువా దులుపుకుని వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం తింటూ, "ఖాళీ సాల సూస్తుంటే కడుపు తరుక్కుపోతంది. ఏదో ఒక జీవం ఉండనీ" అన్నాడు. అమ్మ మరి మాట్లాడలేదు.

ఇక హాస్టలు సంగతి చెబుతాను. సాలను ఆరు గదులు చేశాం. ఒక్కొక్కటి ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల లోతు. ముందు నాలుగడుగుల వరండా. గదికీ గదికీ మధ్య గోడ కుక్క తలకంటే ఎత్తు ఉండాలి. ఒకదాన్నొకటి చూసుకుంటే రాత్రంతా మొరుగుతూనే ఉంటాయి. నేల వాలుగా ఉండాలి, కడిగిన నీళ్ళు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోకుండా ఎవరి కాలువ వాళ్ళకు ఉండాలి. బయటకు రెండు గేట్లు: ఒకటి వేశాకే రెండోది తియ్యాలి. కుక్కకు చెమట పట్టదు, పాదాల దగ్గర తప్ప. నాలుక చాపి రొప్పడమే దానికి ఫ్యాను. అందుకని రేకుల మీద తాటాకు కప్పించాం. ఆ తాటాకు సంగతి పుస్తకాల్లో లేదు, నాన్న బుర్రలోది.

పొద్దున్న అయిదింటికి లేచి ఒక్కొక్కదాన్నీ విడివిడిగా గట్ల మీద తిప్పాలి. కడగాలి, ఆరబెట్టాలి. ఎవరి తిండి వాళ్ళది. తిండి ఒక్కసారిగా మారిస్తే కడుపు పాడవుతుంది కాబట్టి ఇంటినుంచే తెచ్చుకొమ్మంటాం. తేనివాళ్ళకు అన్నం, ఉడికించిన కోడిమాంసం, గుమ్మడికాయ. ఉల్లిపాయ తగలనివ్వం, దానికది విషం. చాక్లెట్టూ, ద్రాక్షా, కిస్‌మిస్సూ అంతే. పిల్లలు ముద్దుగా ఇచ్చిన చాక్లెట్టే కుక్క ప్రాణం మీదికి తెస్తుందని మన కాలేజీలో ఎంతమందికి తెలుసు? మరో సంగతి. మనకు జ్వరమనిపించే నూటొకటి, నూటరెండు డిగ్రీల వేడి కుక్కకు మామూలు. మొదటిసారి థర్మామీటరు పెట్టి నేను కంగారుపడితే పశువుల డాక్టరుగారు నవ్వారు. కరిచే అవకాశం ఎప్పుడూ ఉంటుంది గనుక మా ముగ్గురం ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకున్నాం. అయినా పన్ను తగిలిందంటే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి ఆస్పత్రికి వెళ్ళవలసిందే. రేబిస్ బయటపడ్డాక వైద్యం దాదాపుగా లేదు.

వీటన్నిటికంటే పెద్ద పని మొదటి రాత్రి. కొత్తగా వచ్చిన కుక్క అన్నం ముట్టదు. గేటువైపే చూస్తుంటుంది. ఆటో చప్పుడైతే చెవులు నిక్కబొడుచుకుంటుంది. యజమాని వాడిన పాత దుప్పటి ఒకటి తెమ్మని అందుకే అడుగుతాం. ఆ వాసన మీద ముక్కు పెట్టుకుని ఎప్పటికో నిద్రపోతుంది. మొదటి రాత్రి తినని కుక్కను నాన్న బతిమాలడు, కసరడు. గది బయట పీట వేసుకుని కూర్చుని తన అంబలి తాను తాగుతాడు. "ఎదురుగా ఎవరో తింటుంటే సాలు, రేపు అదే తింటాది" అంటాడు. నేను ఈ హాస్టల్లో చేరిన మొదటి రాత్రి మెస్సులో కంచం ముందు కూర్చుని ముద్ద దిగక ఊరుకుంటే, ఎదుటి బల్ల దగ్గర ఒక సీనియరు ఏమీ అనకుండా తన అన్నం తాను తిన్నాడు. ఆయనకు తెలియదు గాని నాకు నాన్న గుర్తొచ్చాడు.

రోజుకు చిన్న కుక్కకు మూడువందల యాభై, పెద్దదానికి అయిదువందలు. దసరా, దీపావళి, సంక్రాంతి, వేసవి సెలవులు మా సీజను. మన హాస్టలు ఖాళీ అయినప్పుడు మా హాస్టలు నిండుతుంది. దీపావళికి ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు కూడా, సిటీ టపాకాయల మోతకు వణికిపోయే కుక్కల్ని తెచ్చి వదులుతారు. మిగతా రోజుల్లో ఒకటో రెండో. అయినా బంతిపూల ధర పడిపోయిన ఏడు నా ఫీజు కట్టింది ఈ కుక్కలే. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడటం లేదు.

నేను సిగ్గుపడవలసింది వేరే ఉంది.

అది 2023 దసరా. నేను ఫస్టియరు. సెలవులకు ఇంటికి వచ్చాను. బంతిపూలకు ఏడాదంతటికీ అదే గిరాకీ కనుక నాన్న పగలూ రాత్రీ ఆనందపురం పూలమార్కెట్లోనే ఉన్నాడు. హాస్టలు నాకు అప్పగించాడు. అయిదు గదులు నిండాయి. రెండో గదిలో చిట్టి అనే అయిదు నెలల కుక్కపిల్ల ఉంది. రిటైరైన మాస్టారు దంపతులది. కూతురి దగ్గరికి వెళుతూ పదిహేను రోజులకు ఒప్పజెప్పారు. దాని టీకాల కార్డులో రెండు డోసులే ఉన్నాయి, మూడోది గడువు దాటింది. "రాగానే వేయించేస్తాం బాబూ" అన్నారు. సరేనన్నాను. అది మొదటి తప్పు.

రెండు రోజుల తర్వాత చీకటిపడే వేళ ఒక కారు వచ్చింది. ఒకాయన చేతిలో రెండున్నర నెలల కుక్కపిల్ల. విమానానికి టైమైపోతోందట. ఇంజక్షన్లన్నీ అయ్యాయి గాని కార్డు ఇంట్లో మరిచిపోయాడట. "రోజుకు వెయ్యి ఇస్తాను, నాలుగు రోజులు" అన్నాడు. రెండున్నర నెలల పిల్లకు అన్ని డోసులూ అయ్యుండటం వీలుకాదని నాకు తెలుసు. జువాలజీ చదువుతున్నవాణ్ణి, తెలియదంటే ఎవరు నమ్ముతారు? కాని నాలుగు వేలు! నాన్న వచ్చాక చూపించి మెప్పు పొందవచ్చు. ఆరో గది తలుపు తీశాను.

మూడో రోజు అది పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు. రాత్రి నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఒకసారి చూసినవాడు మరిచిపోలేడు. డాక్టరుగారు చూడగానే "పార్వో" అన్నారు. 1978లో మొదటిసారి గుర్తించిన వైరసు, రెండేళ్ళలో ప్రపంచమంతా చుట్టేసింది. పేగు లోపలి పొరలో చురుగ్గా విభజన చెందే కణాలను పట్టుకుంటుంది. నేరుగా దాన్ని చంపే మందు లేదు. సెలైను పెట్టి, వాంతులు ఆపి, ప్రాణం నిలబడేదాకా కాపు కాయడమే. దీనికి కొవ్వుపొర లేదు గనుక సబ్బుకూ, ఫినాయిలుకూ లొంగదు. బ్లీచింగుకు లొంగుతుంది. ఇదంతా తర్వాత చదివాను. ఆ రాత్రి నేను చేసిందేమిటంటే, ఆరో గదిని ఫినాయిలుతో శుభ్రంగా తుడిచి, అదే బక్కెటు, అదే గుడ్డ, అవే చెప్పులతో మిగతా గదులు కూడా తుడిచాను. వైరసుకు కాళ్ళు లేవు. నా చెప్పులే దానికి కాళ్ళయ్యాయి.

కారాయన తిరిగి వచ్చి తన పిల్లను సిటీ ఆస్పత్రికి పట్టుకుపోయాడు. ఆ తర్వాత ఆరో రోజు పొద్దున చిట్టి కంచం దగ్గరికి రాలేదు. నాన్న మార్కెట్టు మానేసి దాని పక్కనే కూర్చున్నాడు. మూడు రోజులు సెలైను ఎక్కించాం. అమ్మ, ఆ మొదట్లో కుక్కలొద్దన్న అమ్మే, ముంజేతి మీద వెచ్చనీళ్ళు చూసుకుని తడిగుడ్డతో దాని మూతి తుడుస్తూ ఉండేది. నాలుగో రోజు తెల్లవారుజామున చిట్టి పోయింది. టీకాలన్నీ పూర్తయిన మిగతా నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి.

నాన్న నన్ను తిట్టలేదు. మాస్టారికి జబ్బు చేసినరోజే ఫోను చేసి చెప్పాడు. వాళ్ళు బయల్దేరి వచ్చేసరికి అంతా అయిపోయింది. తోట చివర లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి, వాళ్ళు కూడా ఒక పిడికెడు మన్ను వేశాక పూడ్చాం. నాన్న డబ్బులు తిరిగి ఇచ్చేసి, నావైపు తిరిగి, "జరిగింది నువ్వు సెప్పు" అన్నాడు.

చెప్పాను. కార్డు చూడకుండా చేర్చుకున్నాననీ, వెయ్యి రూపాయల కోసమనీ, అదే గుడ్డతో తుడిచాననీ. మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ చిన్న కుక్కపిల్ల బతికిందా?" అనడిగారు. బతికిందండీ అన్నాను. "మంచిది" అన్నారు. ఆవిడ మాత్రం వెళ్ళబోతూ, "దాని దుప్పటి ఇవ్వు బాబూ, పట్టుకెళతాం" అని చెయ్యి చాపింది. వాళ్ళాయన పాత పంచెను రెండు మడతలు వేసి కుట్టిన దుప్పటి అది. దాన్ని ఇవ్వడానికి వీల్లేదు, దానినిండా వైరసు ఉంది, కాల్చెయ్యాలి. ఆ మాట ఆవిడతో చెప్పవలసి వచ్చింది. నేను ఇంతవరకు ఏ పరీక్షలోనూ అంత కష్టమైన జవాబు చెప్పలేదు.

తర్వాత నాన్న హాస్టలు మూసేశాడు. పైమట్టి తవ్వి పోశాం. ముందు మురికంతా సబ్బుతో కడిగి, ఆ తర్వాత బ్లీచింగు నీళ్ళు పోసి పది నిమిషాలు నాననిచ్చి మళ్ళీ కడిగాం. మురికి ఉండగా బ్లీచింగు పోస్తే పని చెయ్యదు. గోడల పగుళ్ళు పూడ్చి సున్నం కొట్టాం. అంత చేసినా 2024 ఉగాది దాటేదాకా ఒక్క కుక్కనూ చేర్చుకోలేదు. ఆ వైరసు నెలల తరబడి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది మరి. సంక్రాంతి సీజనంతా పోయింది. నా ఫీజుకు పూలవ్యాపారి దగ్గర వచ్చే పంట మీద అప్పు తెచ్చాడు. ఆ సంగతి అమ్మ చెబితే తెలిసింది.

మళ్ళీ తెరిచినప్పుడు నాన్న రెండే రెండు నియమాలు పెట్టాడు. కార్డు లేని కుక్కకు గేటు తియ్యకూడదు. ఆరో గది ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. దాని బక్కెటు, చీపురు, చెప్పులు వేరు. వాటిమీద నాన్న తన చేత్తో ఎర్రరంగు పూశాడు.

2025 సంక్రాంతికి అయిదు గదులూ నిండాయి. భోగి ముందురోజు ఎవరో ఫోను చేశారు. కార్డు ఉందట, అన్ని డోసులూ అయ్యాయట, ఎంతైనా ఇస్తామన్నారట. "ఖాళీ నేదండి" అని నాన్న పెట్టేశాడు. నా కళ్ళెదుట ఆరో గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ గది ఎప్పుడూ ఖాళీగా ఉంటే ఏడాదికి ఎంత పోతుందో నేను నోటితో లెక్కవేసి చెప్పగలను. "ఖాళీగానే ఉంది కదా నాన్నా, అబద్ధమెందుకు?" అన్నాను. "అబద్ధం కాదురా. ఆ గదికి పనుంది" అన్నాడు.

పండగ రోజు రాత్రి నాలుగో గదిలో లాబ్రడార్ తిండి మానేసింది. థర్మామీటరు పెడితే నూటనాలుగు. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. చెవి మడతలో పిడుదులు కనిపించాయి, వచ్చినరోజు మాకు కనబడకుండా దాక్కున్నవి. దాన్ని ఆరో గదికి మార్చాం. ఎర్రరంగు చెప్పులు వేసుకుని నేనే తుడిచాను. తెల్లారి డాక్టరుగారు పిడుదుల జ్వరమన్నారు, డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. అయిదు రోజుల తర్వాత అది తన వాళ్ళ కారు చూసి గేటు విరగ్గొట్టినంత పని చేసింది. పక్క గదుల్లో ఒక్కదానికీ పిడుదు పాకలేదు.

కనుమ నాడు మావైపు పశువుల పండుగ. ఎడ్లు పోయినప్పటినుంచీ అమ్మ ఆ రోజు సాలవైపు చూసేది కాదు. ఆ కనుమకు స్నానం చేసి, పసుపు గిన్నె పట్టుకుని వెళ్ళి గడపలన్నిటికీ రాసింది. ఎందుకమ్మా అని నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇంకొక్క మాట. మీలో ఎవరికైనా అవసరం పడితే మా ఊరు రావచ్చు. లెక్చరరుగార్లు కూడా నిరభ్యంతరంగా రావచ్చు. మార్కుల కోసం నేనేమీ మినహాయింపు ఇవ్వలేను సుమా! కార్డు చూపించనిదే నాన్న గేటు తియ్యడు. లోపలికి వచ్చాక చివర ఒక గది ఖాళీగా కనిపిస్తుంది. దాన్ని మాత్రం అడగకండి.